కుక్క కోసం కనబడని కంచె: ఐదేళ్ళు వాడాక

మేముండేది నార్త్ కరోలినాలోని కేరీలో. ఇంటి ముందు చెక్క కంచె వేస్తామంటే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు ససేమిరా అన్నారు. చేసేది లేక మా లాబ్రడార్ బంటీ కోసం మట్టిలో తీగ పాతే రకం కంచె కొన్నాం. గరాజ్‌లో ఒక పెట్టె, అందులోంచి బయల్దేరి ఇల్లంతా చుట్టి మళ్ళీ అందులోకే వచ్చే తీగ, మెడకి కాలర్. హద్దు దగ్గరికొస్తే కాలర్ కూస్తుంది, ఆగకపోతే చురుక్కుమంటుంది.

ఐదేళ్ళలో పెట్టె ఒక్కసారి కూడా మొరాయించలేదు. ఏడిపించిందల్లా తీగే. మొదటిసారి డ్రైవ్‌వే పక్కన గడ్డి అంచు కోసే మిషన్‌కి తెగితే, ఎక్కడో తెలీక రెండు రోజులు పెరడంతా తవ్వాను. ఇక్కడి ఎర్రమట్టి ఎండితే రాయి, తడిస్తే జిగట. నడుం పోయింది.

రెండోసారి తప్పు నాదే. సెప్టెంబరులో లాన్‌కి ఏరేషన్ (మట్టికి గాలాడేలా మిషన్‌తో చిల్లులు వేయడం) చేయిస్తూ, తీగ వెంట జెండాలు గుచ్చడం మర్చిపోయాను. ఆ మిషన్ రెండు మూడంగుళాలు దిగుతుంది, మా తీగ ఉన్నదీ అంతే లోతులో. సాయంత్రానికి తీగ తెగిందని పెట్టె కీచుమని ఒకటే గోల. ఈసారి పార పట్టలేదు. ముందు పెట్టెలోంచి తీగ రెండు కొసలూ పీకి, జానెడు తీగ ముక్కతో ఆ రెండు రంధ్రాల్నీ కలిపాను. కూత ఆగింది. అంటే పెట్టె బాగానే ఉంది, తెగింది మట్టిలోనే.

తర్వాత తీగ కొసల్ని మళ్ళీ బిగించి, ఆ రెండు రంధ్రాల మధ్యే ఆర్‌ఎఫ్ చోక్ అనే చిన్న కాయిల్ కూడా పెట్టాను. దాంతో పెట్టె తీగ బాగానే ఉందనుకుని సిగ్నల్ పంపుతుంది. పాత ఏఎం రేడియోని 600 దగ్గర, స్టేషన్ ఏదీ రాని చోట పెట్టి, నేలకి ఆనించినట్టు పట్టుకుని తీగ వెంట నడిచాను. టక టక టక... క్రేప్ మర్టల్ చెట్టు దాటగానే చప్పుడు సన్నగిల్లింది. అక్కడే తవ్వితే దొరికింది. మొత్తం ఇరవై నిమిషాలు.

కొసలు లాగి కలపకండి, బిగుసుకుని మళ్ళీ తెగుతుంది. మధ్యలో అడుగు కొత్త తీగ వేసి, రెండు వైపులా లోపల జెల్ ఉండే వాటర్‌ప్రూఫ్ వైర్ నట్లు (తీగ కొసల్ని కలిపి తిప్పి బిగించే చిన్న టోపీలు) పెట్టండి. మొదటిసారి నేను ఉత్త టేప్ చుట్టాను, ఏడాదికల్లా రాగి పచ్చగా చిలుము పట్టి పొడైపోయింది.

ఐదుకి నాలుగిస్తాను. ఒకటి తగ్గించింది పెట్టెతో ఇచ్చిన 20 గేజ్ తీగకి, అది మరీ సన్నం. కొత్తగా వేసేవాళ్ళు 14 గేజ్ విడిగా కొనుక్కోండి (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు). ఇంకోటి, ఇది మన కుక్కని ఆపుతుందే గానీ పక్కింటి కుక్కని ఆపదు.

అన్నట్టు, తీగ తెగిన ఆ సాయంత్రం బంటీ గీత దాటనే లేదు. హద్దు నేర్పడానికి మొదట్లో గుచ్చిన జెండాలుండే చోటే నిలబడి ఉడుతని చూసి మొరిగాడు.