ఏడేళ్ళుగా ఆర్డర్‌తో: బరంపురంలో ఒక మైకు సెట్టు వాడి అనుభవం

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, దుకాణంలో రెండూ కలిపి కొట్టే భాష. నాన్న నాటి నుంచీ మైకు సెట్లు అద్దెకిచ్చే వ్యాపారం మాది. దుకాణం వెనక గదిలో గోడలకు పాత దుప్పట్లు కొట్టి నేనొక రికార్డింగ్ గది చేసుకున్నాను. భజన బృందాలు, ఎన్నికల పాటలు, బడి వార్షికోత్సవాల డాన్సు ట్రాకులు, అప్పుడప్పుడూ గోపాల్‌పూర్ ఒడ్డున చేపలు పట్టే నోలియాల వల పాటలు. ఏడేళ్ళుగా ఇవన్నీ ఎవరైనా తీసుకుని మార్చుకోగల ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేర్ మీదే, ముఖ్యంగా ఆర్డర్ అనే రికార్డింగ్ ప్రోగ్రాము మీద నడుస్తున్నాయి. ఉచితమని మొదలుపెట్టలేదు, కోపంతో మొదలుపెట్టాను.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మాకూ గాలీ వానా తప్పలేదు. కరెంటు పోయింది, నెట్టు పోయింది. వారంలో దసరా. ఒక భజన బృందం పాటలు మిక్సు చేసి పందిరి వాళ్ళకు ఇవ్వాలి. జనరేటర్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే, నెలనెలా అద్దె కడుతున్న రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు సరిచూసుకోవాలి, నెట్టుకు కలుపు అని మొండికేసింది. దాని పేరెందుకులెండి. పాటలు నా డిస్కులోనే ఉన్నాయి, తెరిచే హక్కు మాత్రం ఎక్కడో ఉంది. ఇంజినీరింగ్ చదివే మా పిన్ని కొడుకు పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు స్టూడియో తెచ్చాడు, విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్‌లో సంగీతం పనికి సర్దిపెట్టిన రకం అది. దొరికినన్ని వేవ్ ఫైళ్ళు, అంటే విడి శబ్దం ఫైళ్ళు, అందులోకి లాక్కుని, రాత్రంతా కూర్చుని, ఏదో ఒక మిక్సు చేసి ఇచ్చాను. బాగా రాలేదు. పందిట్లో ఎవరికీ తెలియలేదు.

అందులో ప్రధానమైనది ఆర్డర్. అసలు పేరు వేరే స్పెల్లింగు గానీ పలకడం మాత్రం మనం హోటల్లో ఇచ్చే ఆర్డర్ లాగే. "ఆర్డర్‌లో పెట్టాను" అంటే మా ఆవిడ ఇప్పటికీ "ఏం పెట్టారు?" అంటుంది. రాసినవాడు పాల్ డేవిస్, అమెజాన్ తొలి రోజుల్లో ప్రోగ్రామర్‌గా పనిచేసిన మనిషి. లినక్స్ మీద ఒక ప్రోగ్రాము నుంచి ఇంకో ప్రోగ్రాముకు శబ్దం పంపించే జాక్ కూడా ఆయన మొదలుపెట్టిందే. సోర్సు కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. తయారుగా ఉన్న ఫైలు వాళ్ళ దగ్గర నుంచి దించుకోవాలంటే తోచినంత కట్టాలి. ఊరికే ఇచ్చే డెమో పది నిమిషాలకు మూగబోతుంది. లినక్స్‌తోపాటు వచ్చేది పూర్తిగా ఉచితం, కాకపోతే కాస్త పాత వెర్షన్ ఉంటుంది. రెండేళ్ళు ఉచితంగా వాడుకుని, తర్వాత సిగ్గేసి కట్టడం మొదలుపెట్టాను.

ఆర్డర్‌లో నాకు నచ్చినదేమిటంటే, అది టేపు రికార్డరులా ఆలోచిస్తుంది. రికార్డు నొక్కగానే ప్రతి ట్రాకూ వేవ్ ఫైలుగా డిస్కులోకి వెళ్ళిపోతుంది. మనం కోసినా అతికినా అసలు ఫైలును ముట్టుకోదు. మా ఊళ్ళో కరెంటు సంగతి తెలిసినవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఒకసారి ఎనిమిది ట్రాకుల భజన మధ్యలో యూపీఎస్ చచ్చిపోయింది. మళ్ళీ తెరిస్తే, రికార్డింగ్ మధ్యలో ఆగిపోయినట్టుంది, పోయినదాన్ని తిరిగి తెమ్మంటావా అని అడిగింది. తెమ్మన్నాను. చివరి ముక్క తప్ప అంతా వచ్చింది. హార్మోనియం బాబాయి దేవుడికి కొబ్బరికాయ కొట్టాడు. నాకైతే పాల్ డేవిస్‌కు కొట్టాలనిపించింది.

డిస్కు మాత్రం తింటుంది. సెకనుకు 48,000 శాంపిళ్ళు (శబ్దం కొలతలు), ఒక్కోదానికి 32 బిట్ల ఫ్లోట్ పెడితే ఒక్క మోనో ట్రాకుకు గంటకు సుమారు 690 ఎంబీ. ఎనిమిది ట్రాకుల భజన గంట సాగితే అయిదున్నర జీబీ. 24 బిట్లు చాలు మనకి. నేనిప్పుడు అదే పెడుతున్నాను.

సెషన్ ఫైలు, అంటే ఒక పాట మీద చేసిన పని వివరాలుండే ఫైలు, మామూలు ఎక్స్‌ఎంఎల్, నోట్‌ప్యాడ్ లాంటి దాంట్లో తెరుచుకుంటుంది. ఇది మొదట్లో నాకు పట్టలేదు. ఒకసారి ఏదో ప్లగిన్ (శబ్దానికి ఎఫెక్టులు వేసే చిన్న అదనపు ప్రోగ్రాము) పాడై, సెషన్ తెరవగానే మొత్తం కూలిపోయేది. సెషన్ ఫైలు కాపీ తీసుకుని, టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, ఆ ప్లగిన్ ముక్క వెతికి తీసేస్తే తెరుచుకుంది. ప్లగిన్లు లేకుండా తెరవమని చెప్పే ఆప్షను ఒకటి ఉందని తర్వాత తెలిసింది. అయినా నా చేత్తో విప్పి సర్దుకున్న తృప్తి వేరు. పాత ఆంప్లిఫయర్ మూత తీసి కాలిపోయిన రెసిస్టర్ మార్చినట్టుంటుంది. మాలాంటి ఊళ్ళో రిపేరు అంటే అదే. భువనేశ్వర్ వెళ్ళాలన్నా మూడు గంటలు, విశాఖ వెళ్ళాలన్నా రైల్లో నాలుగయిదు గంటలు. అంత దూరం ఎవరి కోసం వెళతాం?

ఆలస్యం గురించి, అంటే పాడిన గొంతు హెడ్‌ఫోన్లోకి తిరిగి రావడానికి పట్టే టైము గురించి చెప్పాలి, కొత్తవాళ్ళు అందరూ ఇక్కడే టెన్షన్ పడతారు. బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు తీసుకునే శాంపిళ్ళ సంఖ్య, 256 పెడితే ఒక్కో విడతకు 5.3 మిల్లీసెకన్లు. గొంతు లోపలికి వెళ్ళి ప్లగిన్ల గుండా తిరిగి హెడ్‌ఫోన్లోకి వచ్చేసరికి పదిహేను దాటుతుంది. పాడేవాళ్ళకు తమ గొంతు ఎవరో వెనకనుంచి వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. 64కు తగ్గిస్తే నా పాత థింక్‌ప్యాడ్ తట్టుకోలేక టిక్కు టిక్కుమంటుంది. ఆ టిక్కుల్ని ఎక్స్‌రన్ అంటారు. ఏడాదిపాటు లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌నే రకరకాలుగా మార్చి చూశాను. చివరికి తేలిందేమిటంటే, మైకును కంప్యూటర్‌కు కలిపే సౌండు కార్డు ముందు భాగంలో డైరెక్ట్ మానిటర్ అని ఒక బటను ఉంది. అది తిప్పితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్ళకుండానే హెడ్‌ఫోన్లోకి వస్తుంది. ఏడాది వృథా. ఎవరూ చెప్పలేదు, నేనూ బటన్ల వైపు చూడలేదు.

ఇప్పుడు ఈ బాధలు బాగా తగ్గాయి. ఒకప్పుడు జాక్ నడుస్తుంటే యూట్యూబ్ మూగబోయేది. విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ అనే కొత్త శబ్దం పంపిణీ ప్రోగ్రాము వచ్చాక రెండూ ఒకే చోట కలిసి నడుస్తున్నాయి. ఉబుంటు స్టూడియో 24.04కు మారాక నేను జాక్‌ను విడిగా ఆన్ చేసిన గుర్తు లేదు.

శబ్దం ఫైళ్ళు కోసి సరిచేసే ఆడాసిటీ గురించి చాలామందికి తెలుసు. డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1999లో మొదలుపెట్టింది. కోయడానికి, శుభ్రం చెయ్యడానికి దీన్ని మించింది లేదు. గోపాల్‌పూర్ ఒడ్డున వల లాగుతూ తాత ఒకాయన పాడుతుంటే చిన్న చేతి రికార్డరుతో తీసుకున్నాను. పాట కంటే సముద్రం గాలే ఎక్కువ. 80 హెర్ట్‌జ్ కింద కోసేస్తే గాలి గుడగుడ సగం పోయింది, "హైలెస్సా" పైకి తేలింది. అలల హోరు తియ్యబోతే గొంతు కూడా నీళ్ళలో మునిగినట్టయింది, అందుకని వదిలేశాను. తాతకు వినిపిస్తే "ఇదేటి బాబూ, సంద్రం లేకపోతే పాటెలగ అవుద్ది" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ తియ్యలేదు.

రెండేళ్ళకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్రలో ఇంకో రకం తలనొప్పి. పందిళ్ళన్నీ జనరేటర్ల మీదే. కరెంటు హమ్ (మైకుల్లో గుయ్యిమనే మోత) 50 హెర్ట్‌జ్ దగ్గర ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు. కానీ జనరేటర్ మీద లోడు మారినప్పుడల్లా అది అటూ ఇటూ జరుగుతుంది, ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేలా 50 దగ్గర పెట్టిన నాచ్ ఫిల్టరుకు దొరకదు. శబ్దంలోని ఫ్రీక్వెన్సీలను బొమ్మగా చూపే స్పెక్ట్రోగ్రామ్ తెరిచి చూస్తే ఆ గీత పాములా మెలికలు తిరుగుతూ కనబడుతుంది. మొదటిసారి చూసినప్పుడు అరగంట అలాగే చూస్తూ కూర్చున్నాను. మందు మాత్రం మైకు దగ్గరే ఉంది: జనరేటర్ తీగకు మైకు తీగ ఆనకుండా లాగడం.

ఆడాసిటీలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. 3.0 వెర్షన్ రాకముందు ప్రాజెక్టు ఫైలు వేరు, పక్కనే ఫోల్డరులో వేల చిన్న ముక్కలు వేరు. నేను ప్రాజెక్టు ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌కు ఎక్కించుకుని, చోటు చాలక కంప్యూటర్‌లోది చెరిపేశాను. కొన్ని కేబీల ఫైలులో గంట పాట ఎలా పడుతుందని ఒక్క క్షణం ఆలోచించి ఉండాల్సింది. ఒక బృందం రెండోసారి వచ్చి పాడింది, డబ్బు తీసుకోలేదు, టీలూ గారెలూ నా ఖర్చు. 2021లో 3.0 నుంచి అంతా ఒకే ఫైలు. అదే ఏడాది మ్యూజ్ గ్రూప్ దాన్ని తీసుకోవడం, వాడకం లెక్కలు సేకరిస్తామని ప్రతిపాదించడం, గొడవయ్యాక ఆ మాట వెనక్కి తీసుకోవడం జరిగాయి. నా రికార్డింగ్ కంప్యూటర్‌కు నెట్టే కలపను కాబట్టి నాకు నిద్ర చెడలేదు.

తాళానికి హైడ్రోజన్ అనే డ్రమ్ మెషీన్ వాడతాను. దానితో వచ్చే కిట్లు మనకు పనికిరావు. మా మావయ్య డోలక్ దెబ్బలు ఒక్కొక్కటి మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, చెయ్యి నొప్పెట్టేలా నాలుగు రకాలుగా కొట్టించి నా సొంత కిట్టు చేసుకున్నాను. ప్యాటర్న్ పొడవు మన ఇష్టం, ఖండ చాపుకు అయిదు, మిశ్ర చాపుకు ఏడు పెట్టుకోవచ్చు. డబ్బులిచ్చి కొన్న కొన్ని సాఫ్ట్‌వేర్లలో నాలుగు దాటడానికి నానా తిప్పలు పడ్డవాణ్ణి, అందుకని దీన్ని మెచ్చుకోకుండా ఉండలేను.

హార్డ్‌వేర్ సంగతి. హార్మోనియం వాయిస్తూ ఒంటరిగా రికార్డు చేసుకునేవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు. అందుకని ఆర్డ్వినో అనే, మనం ప్రోగ్రాము రాసుకునే చిన్న బోర్డుతో కాలి పెడలు చేశాను. ఆర్డ్వినో బోర్డుల డిజైన్ అందరికీ బాహాటం, అందుకే చవక బోర్డులు బజార్లో దొరుకుతాయి. మొదట వాటిలో ఊనో అనే రకం కొన్నాను, తప్పు. దాని యూఎస్‌బీ ఇంకో చిప్పు గుండా వెళుతుంది, కంప్యూటర్‌కు మిడి (స్వరాల, బటన్ల సంకేతాలు పంపే పద్ధతి) పరికరంలా కనబడదు. 32యూ4 చిప్పు ఉన్న ప్రో మైక్రో తెచ్చాక నలభై లైన్ల కోడ్‌తో పనైపోయింది. ఒక స్విచ్చు రికార్డుకు, ఒకటి పాటలో గుర్తు పెట్టే మార్కర్‌కు. ఆర్డర్‌లో కంట్రోల్ పట్టుకుని తెరమీది బటను మీద మౌసు మధ్య బటను నొక్కి, పెడలు తొక్కితే అది నేర్చుకుంటుంది. మొదట్లో ఒకసారి తొక్కితే రికార్డు ఆన్ అయి వెంటనే ఆఫ్ అయ్యేది. స్విచ్చు లోపలి రేకు ఆనేటప్పుడు గిలగిల కొట్టుకుని రెండు మూడు సార్లు తొక్కినట్టు చెబుతుంది. కోడ్‌లో 30 మిల్లీసెకన్లు ఆగమంటే సరిపోయింది.

శృతి పెట్టె నేను అన్నిటికంటే ఇష్టపడి చేసింది. రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ మీద మిల్లర్ పకెట్ రాసిన ప్యూర్ డేటా, శబ్దాలు తయారుచేసే ప్రోగ్రాము. పై బోర్డును చాలామంది ఓపెన్ హార్డ్‌వేర్ అనుకుంటారు గానీ ఆర్డ్వినోలా దాని డిజైను మొత్తం బయట లేదు. దాని సొంత హెడ్‌ఫోన్ సాకెట్లో బుసబుస, అందుకని అంకెల్ని శబ్దంగా మార్చే వేరే డీఏసీ బోర్డు పెట్టాను. ఒకటిన్నర శృతి, అంటే సి షార్ప్. సా 138.59 హెర్ట్‌జ్. పాకు కీబోర్డు స్వరం నంబరు ఇస్తే ప్యూర్ డేటా 207.65 ఇచ్చింది. మా వయొలిన్ మేస్టారుకు గర్వంగా వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విని, "పంచమం ఊగుతోంది నాయనా" అన్నారు. నాకేం వినపడలేదు. "వేలితో కొట్టి చూపిస్తా చూడు" అని తొడమీద రెండు సెకన్లకొకసారి తట్టారు. ఇంటికొచ్చి లెక్క వేశాను. సా మూడో హార్మోనిక్ (మూడింతల ఫ్రీక్వెన్సీ) 415.77, ఆ పంచమం రెండోది (రెండింతలు) 415.30. తేడా 0.47. రెండు సెకన్లకు కాస్త పైన ఒక్క ఊపు, ఆయన తట్టినట్టే! స్వరం నంబరు తీసేసి సాను ఒకటిన్నరతో గుణించమన్నాను, 207.89 వచ్చింది. మేస్టారు ఈసారి ఏమీ అనలేదు, వయొలిన్ తీసి వాయించడం మొదలుపెట్టారు. కొన్న ఎలక్ట్రానిక్ శృతి పెట్టెలో ఇలా లోపలికి చెయ్యిపెట్టి గుణకారం మార్చగలనా?

ఇక ఫిర్యాదులు. ఆర్డర్‌లో మిడి ఎడిటింగ్ ఇప్పటికీ నాకు చిరాకే, కీబోర్డు మీద పాట కట్టేవాళ్ళు సుఖపడరు. వీణ, నాదస్వరం లాంటి మన వాద్యాల శాంపిళ్ళు (రికార్డు చేసిన విడి స్వరాలు) ఈ ప్రపంచంలో చాలా తక్కువ. విశాఖ నుంచి ఎవరైనా వాళ్ళ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు పంపితే తెరుచుకోదు, ట్రాకులన్నీ వేవ్‌లుగా పంపమని బతిమాలాలి. సహాయం అంతా ఇంగ్లీషులోనే. పెద్ద అప్‌డేట్ తర్వాత ఒకటి రెండు సార్లు సౌండు కార్డు వరసే మారిపోయి, కస్టమరు ఎదురుగా చెమటలు పట్టాయి. అందుకని దసరా నెలలో, యాత్ర నెలలో అప్‌డేట్ ముట్టుకోను, పనివాణ్ణి కూడా ముట్టుకోనివ్వను. సినిమా డబ్బింగ్ పని చేసేవాళ్ళకు, రేపే డెలివరీ ఇవ్వాల్సినవాళ్ళకు దీన్ని నేను సిఫారసు చెయ్యను. డబ్బు మిగులుతుంది గానీ ఆ డబ్బంతా టైము రూపంలో కట్టాల్సిందే.

2018 నాటి ఆర్డర్ 5 సెషన్లు మొన్న ఎనిమిదో వెర్షన్లో తెరిచాను. పాత ఫైలుకు ఒక కాపీ పక్కన పెట్టుకుని తెరుచుకున్నాయి. రెండు ప్లగిన్లు లేవని చెప్పింది, పాటలు మాత్రం కదలకుండా ఉన్నాయి. అద్దె సాఫ్ట్‌వేర్లో అంతకు ముందు చేసిన మిక్సులు ఇంకా ఆ డిస్కులోనే పడున్నాయి, తెరవాలంటే మళ్ళీ చందా కట్టాలి.

మొదలుపెట్టేవాళ్ళకు ఒకటే చెబుతాను, సౌండు కార్డు కొనేముందు దుకాణంలోనే ఓటీజీ తీగతో మీ ఆండ్రాయిడ్ ఫోనుకు పెట్టి చూడండి. డ్రైవరు సాఫ్ట్‌వేర్ అడగకుండా ఫోన్లో పాట వినిపించి, రికార్డు కూడా అయితే లినక్స్‌లో చాలావరకు పనిచేస్తుంది. నేను అలా చూడకుండా తెచ్చిన కార్డు ఒకటి అటక మీద ఉంది. ఉప్పుగాలికి దాని సాకెట్లు పచ్చబడ్డాయి, పెడలుకు స్క్రూలు కావాల్సి వచ్చినప్పుడు దాంట్లోంచి పీక్కుంటున్నాను.