ఎర్ర అక్షరాల పెద్ద బైబిలు, మూడు నెలలు చదివాక

శుక్లాల ఆపరేషన్ అయ్యాక మా అమ్మాయి నాకు ఈ పెద్దక్షరాల బైబిలు కొనిచ్చింది. యేసు ప్రభువు మాటలు ఎరుపులో, మిగతాదంతా నలుపులో ఉంటుంది. మూడు నెలలుగా రోజూ చదువుతున్నాను. ముప్పై ఏళ్లు ప్రెస్‌లో ప్రూఫులు దిద్దినవాణ్ణి కాబట్టి ముందు నా చూపు అచ్చు మీదికే పోయింది.

అచ్చు బాగుంది. అక్షరం పెద్దది కావడమే కాదు, వరుసకీ వరుసకీ మధ్య చోటు వదిలారు. తెలుగులో ఇది చాలా ముఖ్యం. చోటు చాలకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుకుని, ఎంత పెద్దక్షరమైనా కళ్లు లాగుతాయి. ఇందులో గంటసేపు చదివినా నాకు ఇబ్బంది కలగలేదు.

లోపాలూ ఉన్నాయి. కాగితం పల్చన, వెనక పేజీ నీడ కనిపిస్తుంది. బరువు ఎక్కువ, ఒళ్లో దిండు వేసుకుని చదవాల్సిందే. పసుపు బల్బు కింద ఎరుపు వెలిసినట్టుంటుంది, తెల్ల లైటు కింద చదువుకోండి. లూకా 23లో ఒకచోట ఎరుపు కొంచెం కిందికి జరిగి, ఒక ఒత్తు కింది నల్ల అక్షరానికి ఆనుకుంది. రెండు రంగుల అచ్చులో ఇది మామూలే.

ఎర్ర అక్షరాల పద్ధతి 1899లో మొదలైంది. అమెరికాలో లూయీ క్లాప్ష్ అనే పత్రికా సంపాదకుడు లూకా 22:20లో ‘మీకొరకు చిందింపబడుచున్న నా రక్తము’ అన్న మాట చదువుతుంటే ఆయనకు ఆ ఆలోచన తట్టిందట. అయితే ఎరుపు ఎక్కడ ఆగాలో అన్ని ప్రచురణల్లో ఒకేలా ఉండదు. గ్రీకు మూలంలో కొటేషన్ గుర్తులు లేవు మరి. యోహాను 3లో కొందరు 15వ వచనంతో ఆపుతారు, ఇందులో 21 దాకా వేశారు. కొనేముందు ఆ పేజీ తీసి చూసుకోండి.

ఇక నేను ఇది రాయడానికి అసలు కారణం మత్తయి సువార్త. 5, 6, 7 అధ్యాయాలు దాదాపు మొత్తం ఎరుపే. అలా చదువుకుంటూ 27కి వచ్చేసరికి పేజీ అంతా నల్లగా ఉంది. ఎరుపు వేయడం మర్చిపోయారేమో అనుకున్నాను. వేలు పెట్టి వెతికాను. 66 వచనాల్లో ఎరుపు ఉన్నది రెండే చోట్ల. 11లో ‘నీవన్నట్టే’. మళ్లీ 46లో ‘ఏలీ, ఏలీ, లామా సబక్తానీ’. నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి అని. మధ్యలో 34 వచనాలు. బరబ్బను విడిపించడం, పిలాతు చేతులు కడుక్కోవడం, ముళ్ల కిరీటం, ఆయన మీద ఉమ్మడం, సిలువ వేయడం. అందరూ మాట్లాడుతున్నారు, ఆయన ఒక్కడే మాట్లాడలేదు. ‘బాధింపబడినను అతడు నోరు తెరువలేదు’ అని యెషయా 53లో ఎన్నిసార్లు చదివానో. కంటితో చూసింది మాత్రం అప్పుడే.

ఉద్యోగంలో ఉండగా ఒకసారి నేను చూడకుండా వదిలేసిన తప్పు వల్ల ఒక ఫారం, అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీలు, మొత్తం మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. మాట నా కింద పనిచేసే కుర్రాడి మీద పడింది. తప్పు నాదని అతనికి తెలుసు, అయినా నోరు మెదపలేదు. నేను నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోయాను. ఆ రాత్రి టెన్షన్ తీరి హాయిగా నిద్రపోయాను కూడా. ఆ నల్ల పేజీ ముందు కూర్చుంటే అదంతా గుర్తొచ్చి ఏడ్చాను. ప్రభువు మౌనంగా మోసినవాటిలో నా ఆ రోజు కూడా ఉంది. ‘మనమింకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెను’ అని పౌలు రాశాడు. నేను ఒప్పుకునేదాకా ఆయన ఆగలేదు. ప్రభువా, నీకు వందనాలు అనడం తప్ప నాకింకో మాట రాలేదు.

ఆ కుర్రాడి నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. అతనికి గుర్తుంది.

పుస్తకానికి రిబ్బన్ ఒక్కటే ఇచ్చారు, రెండు ఇవ్వాల్సింది. ఉన్న దాన్ని మత్తయి 27లోనే ఉంచేశాను. రోజువారీ చదువుకు కాగితం ముక్క పెట్టుకుంటున్నాను.