ఒకే వాటం స్ఫటికాలకు ఏది మేలు: ఏరడమా, కలియదిప్పడమా, నూరడమా?

సోడియం క్లోరేట్ అనే లవణం నీటిలో కరిగి ఉన్నంతసేపు దానికి కుడి, ఎడమ అన్న తేడా ఉండదు. స్ఫటికంగా గట్టిపడేటప్పుడు మాత్రం దాని అయాన్లు కుడి మెలికతోనో ఎడమ మెలికతోనో అమరి, ఒకటి మరొకదానికి అద్దంలో ప్రతిబింబంలా ఉండే రెండు రకాల స్ఫటికాలు కడతాయి. ఈ కుడి, ఎడమ తేడానే ఇక్కడ వాటం అంటున్నాను. కదపకుండా వదిలేస్తే రెండూ దాదాపు సగం సగంగా వస్తాయి. కంటికి రెండూ ఒకేలాంటి తెల్లని పలుకులే. కాంతిని అడ్డుకునేలా అడ్డంగా అమర్చిన రెండు పోలరాయిడ్ పలకల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చేవి) మధ్య ఉంచి, పై పలకను కొద్ది డిగ్రీలు తిప్పితే ఒక వాటానివి నీలంగానూ రెండో వాటానివి గోధుమవన్నెలోనూ కనిపిస్తాయి.

ఏరడం పాశ్చర్ దారి. 1848లో ఆయన సోడియం అమ్మోనియం టార్టరేట్ స్ఫటికాలను, వాటి అంచున ఉన్న చిన్న ముఖం ఏ వైపు తిరిగిందో చూస్తూ, చేత్తోనే రెండు కుప్పలుగా వేరుచేశారు. అయితే అక్కడ అణువులకే వాటం ఉంది. ఆ లవణం కూడా సుమారు 28 డిగ్రీల సెల్సియస్ లోపే రెండుగా విడివడుతుంది (మన ఎండాకాలంలో ఆ ప్రయోగం చేసి ఉంటే ఏరడానికి ఏమీ మిగిలేది కాదు). పైగా ఎంత ఓపికగా ఏరినా, అక్కరలేని సగం అలాగే మిగిలిపోతుంది.

1990లో దిలీప్ కొండెపూడి బృందం, సోడియం క్లోరేట్ ద్రావణాన్ని స్ఫటికాలు కట్టేటప్పుడు కలియదిప్పితే ఒక్కో పాత్రలో దాదాపు అన్నీ ఒకే వాటానివి వస్తాయని చూపింది. ముందుగా పుట్టిన తల్లి స్ఫటికం నుంచి రాలిన తునకలే కొత్త స్ఫటికాలకు బీజాలై, రెండో వాటం పుట్టేలోగా ద్రావణంలో అదనంగా ఉన్న లవణాన్ని లాగేసుకుంటాయి. ఇంత సులువైన పద్ధతికి లోపం ఒకటే: మొదట్లోనే రెండు వాటాలూ పుడితే ఆ తర్వాత ఎంత కలిపినా ప్రయోజనం ఉండదు.

అందుకే నా ఓటు నూరడానికి. 2005లో క్రిస్టోబల్ వియెద్మా, రెండు వాటాలూ కలిసిన స్ఫటికాలను వాటి సంతృప్త ద్రావణంలోనే గాజుపూసలతో ఎడతెగకుండా నూరితే, చివరికి ఒక్క వాటమే మిగులుతుందని నిరూపించారు. చిన్న తునకలు కరిగి పెద్దవాటికి చేరుతుంటాయి, కరిగిన అయాన్లకు వాటం ఉండదు గనుక ఏ వైపుకైనా చేరగలవు, ఏ వాటం కాస్త ఎక్కువగా ఉంటే అదే బలపడుతుంది. అణువులకే వాటం ఉన్న పదార్థాల విషయంలో మాత్రం అవి ద్రావణంలో ఒక వాటం నుంచి మరో వాటానికి మారగలగాలి. 2008లో ఒక అమైనో ఆమ్లపు ఉత్పన్నంతో క్షారం సాయంతో దీన్నీ సాధించారు. కావలసిన వాటాన్ని ఎంచుకోవాలంటే, మొదట్లోనే ఆ రకపు పలుకులను చిటికెడు ఎక్కువగా వేసి నూరడం మొదలుపెడితే చాలు.