మసక చూపు ఎలా ఉంటుందో చూపించడానికి ఏది మేలు: గంతలా, కళ్లజోడా, కంప్యూటరా?

చూపు సమస్యల గురించి బడిలో చెప్పాలనగానే మనకు ముందు తట్టేది పిల్లల కళ్లకు గంతలు కట్టడం. పైసా ఖర్చుండదు, పిల్లలకూ సరదా. నన్నడిగితే మాత్రం మూడింట్లో అదే చివరిది.

చూపు దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమందికి ఎంతోకొంత కనిపిస్తూనే ఉంటుంది. పైగా గంత కట్టుకున్న పిల్లాడికి తెలిసొచ్చేది మొదటి పది నిమిషాల గాభరానే. కర్రతో, చెవులతో దారి పట్టే నేర్పు ఏళ్లమీద వస్తుంది, అది వాడికి తెలియనే తెలియదు. అమెరికాలో మనస్తత్వ పరిశోధకురాలు ఆరియెల్ సిల్వర్‌మన్ (ఆమెకూ చూపు లేదు) బృందం చేసిన ప్రయోగాల్లో, గంతలు కట్టుకుని చూసినవాళ్లు అంధుల పనితనాన్ని, సొంతంగా బతికే శక్తిని మిగతావాళ్లకంటే తక్కువగా అంచనా వేశారు.

నా ఓటు సొంతంగా చేసుకునే కళ్లజోడుకే. హార్డ్‌వేర్ షాపులో దొరికే రంగులేని సేఫ్టీ కళ్లద్దాలకు బయటివైపు పల్చగా వాజెలిన్ రాస్తే శుక్లాల మసక వచ్చేస్తుంది. పొద్దుగూకాక నల్లగొండ బస్టాండు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూడండి. పక్కన కళ్లజోడు లేని మనిషి ఒకరు తప్పనిసరి. హెడ్‌లైట్ పడగానే అద్దమంతా తెల్లటి వెలుగు పాకి బోర్డు మాయమవుతుంది. బస్సు దగ్గరికొచ్చి ఆగినా ముందు ఒత్తులు, గుడులు కలిసిపోతాయి. దేవరకొండో, మిర్యాలగూడో పేరు పొడవును బట్టి ఊహించుకోవాల్సిందే. బస్సు ఎదురుగానే ఉన్నా అవ్వ "ఇది యాడికి పోతది బిడ్డా?" అని ఎందుకడుగుతుందో అప్పుడు పిల్లలకు చెప్పక్కర్లేదు.

అయితే నల్ల కాగితానికి చిన్న బెజ్జం పెట్టి, అద్దానికి అంటించి 'నీటికాసులంటే (గ్లకోమా) ఇదే' అని చూపిస్తుంటారే, అది సరికాదు. 2013లో లండన్ పరిశోధకులు 50 మంది నీటికాసుల రోగులకు బొమ్మలు చూపిస్తే, నల్లటి సొరంగంలా కనిపిస్తుందని ఒక్కరూ అనలేదు. కొంత భాగం మసకగా ఉందనో, అసలు లేదనో చెప్పారు. మెదడే ఖాళీని పూడ్చేస్తుంది. జబ్బు ముదిరేదాకా చాలామందికి తెలియకపోవడానికి అదొక కారణం.

ఇక కంప్యూటర్. క్రోమ్ బ్రౌజర్‌లో వెబ్‌పేజీలు తయారుచేసేవాళ్ల కోసం ఉండే డెవలపర్ టూల్స్‌లో, రెండరింగ్ అనేచోట మసక చూపు, రకరకాల వర్ణాంధత్వాలు పెట్టి పేజీని చూసుకోవచ్చు. ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు చేసే డీటీపీ వాళ్లకు ఇది ఉచితంగా దొరికిన పరికరం. ఆకుపచ్చ మీద ఎర్రక్షరాలు పెట్టే ముందు ఆ బొమ్మను క్రోమ్‌లో తెరిచి ఒక్క నొక్కు నొక్కితే చాలు. కానీ ఇదంతా తెర మీదే. మెట్లు దిగడం, చిల్లర లెక్కపెట్టడం అందులో కుదరవు.

గంతలే కట్టాలనుకుంటే, కర్రతో నడిచే అంధ ఉపాధ్యాయుడినో, శిక్షకుడినో పిలిచి ఆయన చేత నేర్పించండి. కళ్లజోడు తయారైతే మొదట బడి నోటీసుబోర్డు ముందు నిలబడండి. అక్షరాల సైజు చాలకపోతే పెద్దవి చేయడం ఆ రోజే అయిపోతుంది.