ఫీనిక్స్ ఎండల్లో ట్రాన్స్‌మిషన్ కూలర్: ఐదు వేసవులు వాడాక

"నాన్నా, ఏదో కాలుతున్న వాసన వస్తోంది" అని వెనక సీట్లోంచి మా అమ్మాయి అన్నప్పుడు మేం అరిజోనాలో బ్లాక్ కాన్యన్ సిటీ దాటి ఘాట్ ఎక్కుతున్నాం. 2020 జూలై, మధ్యాహ్నం రెండు. పికప్ ట్రక్కు వెనక 5,800 పౌండ్ల ట్రైలర్. అర నిమిషంలో డ్యాష్‌బోర్డు మీద ట్రాన్స్‌మిషన్, అంటే గేర్‌బాక్స్, వేడెక్కిందని హెచ్చరిక వచ్చింది. దానిలోని ఆయిల్ వేడి 248 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 120 సెల్సియస్. ఎలాగోలా సన్‌సెట్ పాయింట్ విశ్రాంతి స్థలం దాకా నడిపించి ఆపాను. ఆ కంగారులో వెంటనే ఇంజిన్ కట్టేశాను. అది తప్పని తర్వాత తెలిసింది. ఇంజిన్ తిరుగుతుంటేనే లోపలి పంపు ఆయిల్‌ని, దాన్ని చల్లబరిచే కూలర్‌లోకి తోస్తుంది. పార్క్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తూ ఉండగానే చల్లారనివ్వాలి.

మేం ఉండేది ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో. నేను పల్నాడువాణ్ణి, రెంటచింతల ఎండలు ఎరిగినవాణ్ణే. ఇక్కడి ఎండ వేరు, రాత్రి కూడా విడవదు. 2023లో జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు ఫీనిక్స్‌లో పగటి వేడి 110 ఫారెన్‌హీట్, అంటే 43 సెల్సియస్, కంటే తగ్గలేదు. సెలవు దొరికితే ఇక్కడివాళ్లంతా కొండల మీదికి పోతారు. ఫీనిక్స్ ఉన్నది సుమారు 1,100 అడుగుల ఎత్తున, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000 అడుగుల మీద. మధ్య దూరం 140 మైళ్ల పైచిలుకు. దారి తిన్నగా పైకి పోతే కొంత నయం. కానీ ఒక ఘాట్ ఎక్కి, క్యాంప్ వర్డే లోయలోకి దిగి, మళ్లీ అంతకన్నా పెద్ద ఘాట్ ఎక్కాలి.

ఆ ట్రిప్పు నుంచి తిరిగొచ్చాక గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పించాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగులో, మాడిన వాసనతో ఉంది. అదృష్టం కొద్దీ పాన్‌లో లోహపు ముక్కలేమీ లేవు, సన్నటి నల్లటి పొడి మాత్రం ఉంది. ఆయిల్, ఫిల్టర్ మార్చి, ఆ అక్టోబర్‌లోనే విడిగా కూలర్ పెట్టించుకున్నాను. అప్పటి నుంచి ఐదు వేసవులు, 52,000 మైళ్లు. అందులో సుమారు 13,000 మైళ్లు ట్రైలర్‌తోనే.

కూలర్ ఎందుకు అవసరమైందో చెప్పాలంటే వేడి ఎక్కడ పుడుతుందో చెప్పాలి. ఆటోమేటిక్ గేర్ల బండిలో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. అందులో ఒక ఫ్యాను ఆయిల్‌ని విసిరితే ఆ తోపుకి ఇంకో ఫ్యాను తిరుగుతుంది. రెండూ ఒకే వేగంతో తిరగనప్పుడు మధ్యలో పోయిన శక్తంతా ఆయిల్‌లో వేడిగా మిగులుతుంది. చదును రోడ్డు మీద లోపలి లాకప్ క్లచ్ పట్టుకుని రెండింటినీ కలిపేస్తుంది కాబట్టి వేడి తగ్గిపోతుంది. బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఆ క్లచ్ వదులుతుంది, ఆయిల్ మరుగుతుంది. మా ట్రక్కుకి కంపెనీ నుంచి వచ్చిన కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంది. అక్కడ ఆయిల్‌ని చల్లబరిచేది ఇంజిన్ నీళ్లే. ఆ నీళ్లే వంద డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటే ఆయిల్ అంతకన్నా ఎలా చల్లబడుతుంది?

నేను తీసుకున్నది పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే రకం. ఒకే పైపుని మెలికలు తిప్పి చేసిన చవక రకంకన్నా అదే సైజులో ఇది ఎక్కువ వేడి లాగుతుంది. లోపల బైపాస్ ఉంది, ఆయిల్ చల్లగా, చిక్కగా ఉంటే పలకల్లోకి పోకుండా పక్కదారిన తిరిగి వచ్చేస్తుంది. దీన్ని రేడియేటర్ ముందు బిగించి, ఆయిల్ దారిలో మాత్రం రేడియేటర్ లోపలి కూలర్ తర్వాత వచ్చేలా కలపాలి. ఆయిల్ ముందు రేడియేటర్‌లోకి, తర్వాత దీనిలోకి, అక్కడి నుంచి గేర్‌బాక్స్‌కి. నాకు హోసులు, ఆయిల్ అన్నీ కలిపి 230 డాలర్లయింది. కొత్త ట్రాన్స్‌మిషన్ వేయించుకోవడానికయ్యే వేల డాలర్లతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు.

ఫలితం? అదే ఘాట్, అదే ట్రైలర్, బయట 43 డిగ్రీల సెల్సియస్. ఇప్పుడు 205 ఫారెన్‌హీట్ దాటలేదు, అంటే 96 సెల్సియస్. ట్రైలర్ లేకుండా ఊళ్లో తిరిగితే 175 దగ్గర ఉంటుంది. ఈ అంకెలన్నీ (ఫారెన్‌హీట్‌లో) బండి కంప్యూటర్ సమాచారం చదివే ఓబీడీ సాకెట్‌లో చిన్న బ్లూటూత్ ముక్క పెట్టి ఫోన్‌లో చూసినవి. డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్ముకోవద్దని గట్టిగా చెబుతాను. మా ట్రక్కులో 180కీ 220కీ ఆ ముల్లు ఒకే చోట నిలబడి ఉంటుంది.

అయితే ఇందులో సగం పుణ్యం కూలర్‌ది కాదు, నడిపే పద్ధతిది. ఇప్పుడు ఘాట్ మొదలవకముందే బరువు లాగేటప్పుడు వాడే టో-హాల్ మోడ్ పెట్టి, వేగం గంటకి 50 మైళ్లకి తగ్గించి, నాలుగో గేర్‌లోనే ఉంచుతాను. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్ల పైన తిరుగుతూ అరుస్తుంది. మొదట్లో మా ఆవిడకి ఆ శబ్దం వింటే టెన్షన్. కానీ ఆ గేర్‌లో లాకప్ పట్టే ఉంటుంది. ఒక్కసారి కావాలనే ఆరో గేర్‌కి వదిలి చూశాను. గేర్లు వెనక్కీ ముందుకీ వెతుక్కుంటూ రెండు మైళ్లలోనే వేడి 15 డిగ్రీలు పెరిగింది.

కూలర్ చేతులెత్తేసే చోట్లు కూడా ఉన్నాయి. క్యాంపు స్థలంలో వాలు మీద ట్రైలర్‌ని రివర్స్‌లో మెల్లగా ఎక్కించేటప్పుడు గాలి తగలదు, లాకప్ ఉండదు. అక్కడ వేడి నిమిషాల్లో ఎగబాకుతుంది. రెండు ప్రయత్నాల్లో కుదరకపోతే ఆపి, ఐదు నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టడమే నేను చేస్తున్నది.

ఒక్క విషయంలో నాకు కోపమే వచ్చింది. మొదట బిగించిన షాపువాళ్లు కూలర్ రేకుల మధ్యనుంచి ప్లాస్టిక్ జిప్ టైలు (కట్టు పట్టీలు) దూర్చి ముందున్న ఏసీ కండెన్సర్‌కే (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) వేలాడదీశారు. రెండో వేసవిలో ఇంటి ముందు ఎర్రటి చుక్కలు కనిపించాయి. ప్రకంపనలకి టై రాసుకుని రాసుకుని పలక అంచు అరిగిపోయింది. కొత్త కూలర్‌ని నేనే ఇనుప పట్టీలతో ఫ్రేముకి, రబ్బరు వాషర్లు వేసి, కండెన్సర్‌కి అంగుళం ఎడంగా బిగించాను. మళ్లీ కారలేదు. మీరు షాపులో చేయించుకుంటుంటే పట్టీలు ఎక్కడ బిగిస్తారో ముందే అడగండి.

ఇక్కడ జూలై, ఆగస్టుల్లో దుమ్ము తుఫానులు లేస్తాయి. రేకుల సందుల్లో దుమ్ము, పురుగులు నిండితే తేడా ఫోన్‌లోనే కనిపిస్తుంది, ఏడెనిమిది డిగ్రీలు. నెలకోసారి తోట పైపుతో వెనకనుంచి ముందుకి మెల్లగా కడుగుతాను. ఎక్కువ ఒత్తిడితో కొడితే రేకులు వంగిపోతాయి.

చలికాలంలో అతిగా చల్లబరుస్తుందేమోనని భయపడ్డాను. మంచు పడ్డ జనవరి ఉదయాల్లో ఫ్లాగ్‌స్టాఫ్‌లో చూశాను. వేడెక్కడానికి కొంచెం ఎక్కువ సమయం పట్టింది, కానీ పావుగంటలో 150 దాటింది. బైపాస్ లేని కూలర్ అయితే ఆ ప్రాంతానికి నేను కొనను.

ఆయిల్ మాత్రం 30,000 మైళ్లకి మారుస్తున్నాను. మొన్న మార్చినప్పుడు కొంచెం నలుపెక్కిన ఎరుపు, వాసన లేదు. అప్పుడే రబ్బరు హోసులు కూడా మార్చేశాను. పాతవాటిని కోసి చూస్తే లోపల శుభ్రంగా ఉన్నాయి, బయట మాత్రం రేడియేటర్ వైపున్న పక్కంతా సన్నటి పగుళ్లు. ఇక మీద ప్రతి మూడో వేసవికి ముందు హోసులు మార్చాలని అనుకుంటున్నాను.