తిరుపతిలో బాడుగకివ్వడానికి కొంటే ఏది మేలు: ఫ్లాటా, మూడు పోర్షన్ల మిద్దెనా?

ముందు లెక్క చూద్దాం. కింది అంకెలు లెక్క కోసం తీసుకున్నవే. మీరు చూసే ఇంటి ధర, ఆ వీధిలో నడుస్తున్న బాడుగ వేసి మళ్ళీ కట్టుకోండి.

రెండు పడకగదుల ఫ్లాటు 48 లక్షలనుకుందాం. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1 కలిపి ఏడున్నర శాతం, అంటే 3.6 లక్షలు. ఫ్యాన్లు, గీజరు, చిన్నాచితకా పనులతో పెట్టుబడి 52 లక్షలు దాకా వస్తుంది. బాడుగ నెలకు 14,000. ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతుందనుకుంటే 1,54,000 చేతికొస్తుంది. పన్ను, రిపేర్లు తీస్తే 1,40,000 మిగులుతుంది. రాబడి 2.7 శాతం.

అదే 40 అంకణాల (ఇక్కడ అంకణం 36 చదరపు అడుగులు, మొత్తం 160 గజాలు) స్థలంలో కింద ఒకటి, పైన రెండు పోర్షన్లున్న మిద్దె 1.10 కోట్లనుకుందాం. రిజిస్ట్రేషన్‌తో 1.18 కోట్లు. మూడు పోర్షన్ల బాడుగ కలిపి 36,000. ఒక్కో పోర్షన్‌కు ఒక్కో నెల ఖాళీ తీసేసి, పన్నుకు 12,000, మోటారు, సంపు, రంగులు, ట్యాంకర్లకు 36,000 పక్కన పెడితే 3,48,000 మిగులుతుంది. రాబడి 2.9 శాతం.

నికర బాడుగలో తేడా ఇంతే. కాబట్టి "మిద్దెకు మూడు బాడుగలొస్తాయి" అన్న మాట విని తొందరపడకండి. అసలు తేడా నేలలో ఉంది. 600 గజాల్లో 20 ఫ్లాట్లు కడితే మీ అవిభాజ్య వాటా (అందరికీ ఉమ్మడిగా ఉన్న నేలలో మీ భాగం) 30 గజాలు, అంటే మన తిరుపతి కొలతలో ఏడున్నర అంకణాలు. మిద్దెతో వచ్చేది 160 గజాలు. పెట్టిన డబ్బును నేలకు పంచి చూస్తే ఫ్లాటులో గజానికి 1.73 లక్షలు, మిద్దెలో 74,000 పడుతుంది. కట్టడం ఏటా పాతబడుతుంది, విలువ పెరిగేది నేలకే. పదిహేనేళ్ళు దాటిన ఫ్లాటు కొనేటప్పుడు ఈ ఒక్క లెక్కా తప్పక వేయాలి. (నెల్లూరు వాళ్ళతో మాట్లాడేటప్పుడు జాగ్రత్త, వాళ్ళ అంకణం 72 చదరపు అడుగులు.)

అప్పు తీసుకుంటే రెండిట్లోనూ బాడుగతో కిస్తీ తీరదు. 30 లక్షల నుంచి 75 లక్షల లోపు అప్పుకు బ్యాంకు ఇంటి విలువలో 80 శాతం వరకు, 75 లక్షలు దాటితే 75 శాతం వరకే ఇస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు మీ జేబులోదే. ఫ్లాటుకు 38.4 లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ళ గడువు అయితే కిస్తీ 33,300. అంటే నెలకు 19,000 పైచిలుకు మీరే వేసుకోవాలి. మిద్దెకు 82.5 లక్షల అప్పయితే కిస్తీ 71,600, లోటు 35,000 దాటుతుంది. ఖాళీ నెలల్లో లోటు ఇంకా పెరుగుతుంది. మూడు కిస్తీల డబ్బు విడిగా నిల్వ లేకుండా ఏదీ కొనకండి.

ఆదాయపు పన్నులో మున్సిపల్ పన్ను తీసేశాక మిగిలిన బాడుగలో 30 శాతం నేరుగా తగ్గించుకోవచ్చు, ఆపైన వడ్డీ. పాత విధానంలో ఇంటి మీద నష్టాన్ని ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తీసుకోవచ్చు. కొత్త విధానంలో వడ్డీ బాడుగను మింగేయొచ్చు గానీ, ఆ నష్టం జీతం దాకా రాదు. పన్ను మిగులుతుందన్న ఆశతో అప్పు చేసేవాళ్ళు ముందు తమది ఏ విధానమో చూసుకోవాలి.

ఇక కరెంటు. పాత మిద్దెల్లో ఒకే మీటరుండి, పోర్షన్లకు సబ్‌మీటర్లు పెట్టడం మామూలు. ఒక్కో ఇల్లు 120 యూనిట్లు వాడిందనుకుందాం. 2022 స్లాబుల ప్రకారం విడివిడి మీటర్లయితే ఒక్కో ఇంటికి సుమారు 395, మూడింటికి 1,185 రూపాయలు. ఒకే మీటరు మీద 360 యూనిట్లు తిరిగితే యూనిట్ 8.75 స్లాబులోకి పోయి 2,198 అవుతుంది. ఇది ఛార్జీల లెక్కే, మిగతా రుసుములు వేరు. ఆ తేడా మీరు భరించాలి, లేదా బాడుగకున్నవాళ్ళతో ప్రతి నెలా పంచాయితీ పెట్టుకోవాలి. కొనే ముందే పోర్షన్‌కొక మీటరు, మోటారుకు ఇంకొకటి ఉందో లేదో చూడండి. లేకపోతే విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసే ఖర్చు, సమయం ధరలో తగ్గించి అడగండి.

నీళ్ళకు మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం. మూడిళ్ళలో పన్నెండు మంది ఉంటే రోజుకు 1,620 లీటర్లు. 6,000 లీటర్ల సంపు నాలుగు రోజులకు తక్కువే. బోరు మే నెలలో ఎలా ఉంటుందో ఇప్పుడున్నవాళ్ళను అడగండి, ఇంటి యజమాని మాట మాత్రమే నమ్మొద్దు. ఫ్లాటులో ఇదే తలనొప్పి అసోసియేషన్‌ది. కాకపోతే అసోసియేషన్ సరిగ్గా నడవకపోతే లిఫ్టు, మోటారు రెండూ ఆగిపోతాయి. గత ఏడాది జమాఖర్చుల పుస్తకం, బాకీ ఉన్న ఫ్లాట్ల జాబితా చూపించమనండి. సేల్ డీడ్‌లో పార్కింగ్ నంబరు రాసి ఉండాలి, నోటిమాట చాలదు.

పై పోర్షన్‌లో ఎండాకాలం ఉండలేక ఖాళీ చేసేవాళ్ళు ఎక్కువ. పైకప్పుకు వాటర్‌ప్రూఫింగ్ చేసి తెల్ల కూలింగ్ టైల్స్ వేయిస్తే ఆ పోర్షన్ నిలబడుతుంది. ఈ ఖర్చు మిద్దె కొనే రోజే లెక్కలో ఉండాలి.

ఎవరికివ్వాలన్నది చోటును బట్టి. స్విమ్స్, రుయా ఆసుపత్రుల దగ్గర పీజీ చేసే డాక్టర్లు మూడేళ్ళు కదలరు, బాడుగ కూడా ఆలస్యం చేయరు. బాలాజీ కాలనీ, ఎంఆర్ పల్లి వైపు రెండు యూనివర్సిటీల విద్యార్థులకు మనిషి లెక్కన ఇస్తే కుటుంబానికంటే ఎక్కువొస్తుంది, సెలవుల్లో మాత్రం ఖాళీ. ఇది మిద్దెలోనే కుదురుతుంది, ఫ్లాట్ల అసోసియేషన్లు సాధారణంగా ఒప్పుకోవు. ఐఐటీ, ఐసర్ ఏర్పేడు దగ్గర ఉన్నాయి, వాటి పేరు చెప్పి నగరంలో బాడుగ పెంచి చూపే బ్రోకర్లను పట్టించుకోకండి. భక్తులకు రోజు లెక్కన ఇచ్చేది పూర్తిగా వేరే వ్యాపారం: అనుమతులు, కమర్షియల్ కరెంటు, వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డుల రిజిస్టరు, రోజూ శుభ్రం చేసే మనిషి. ఊళ్ళో లేనివాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు.

అందుకే మా సలహా ఇది. హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉంటూ కొనేవాళ్ళకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం ప్లాను ప్రకారం పూర్తయిందని ఇచ్చే పత్రం) వచ్చిన, అసోసియేషన్ బాగున్న ఫ్లాటు. దానికి జీఎస్టీ ఉండదు, కట్టుబడిలో ఉన్నదానికి సాధారణంగా 5 శాతం పడుతుంది. ఊళ్ళోనే ఉండి వారానికోసారైనా వెళ్ళి చూడగలిగేవాళ్ళకు మిద్దె, అదీ పత్రాలు దిట్టంగా ఉంటేనే.

పత్రాల దగ్గర ఈ ఊరు వేరు. తిరుపతి చుట్టూ హథీరాంజీ మఠం, దేవస్థానం, ఇనాం, డీకేటీ (ప్రభుత్వం పేదలకు కేటాయించిన, అంటే అసైన్డ్) భూముల సర్వే నంబర్లు చాలా ఉన్నాయి. వీటిలో చాలావాటికి రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద అమ్మకం రిజిస్టరు చేయకుండా నిషేధం ఉంటుంది. అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం కట్టడి చేస్తుంది, 2023 సవరణ ఇచ్చి 20 ఏళ్ళు దాటినవాటికే సడలింపు తెచ్చింది. "అందరూ నోటరీ మీదే కొన్నారు, ఏమీ కాదు" అనే ఇంటిని ధర ఎంత తక్కువైనా వదిలేయండి. బ్యాంకు అప్పివ్వదు, మీ తర్వాత కొనేవాడూ దొరకడు. సర్వే నంబరు రాసుకుని 22ఏ జాబితాలో మీరే వెతకండి. 30 ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయండి, లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల పత్రాలు) వరుసగా కలుస్తున్నాయా చూడండి. తర్వాత ప్లాను: రెండంతస్తులకు అనుమతి ఉండి మూడోది కట్టి ఉంటే బ్యాంకు ఆ అంతస్తుకు విలువ కట్టదు, కార్పొరేషన్ అదనపు పన్ను వేస్తుంది. మీ లెక్కలో మూడో బాడుగ మాత్రం ధైర్యంగా కూర్చుని ఉంటుంది.

అడ్వాన్సు ఇచ్చే ముందు ఇంటిని రెండుసార్లు చూడండి. ఒకసారి మిట్టమధ్యాహ్నం పై పోర్షన్‌లో అరగంట కూర్చోండి. ఇంకోసారి ఈశాన్య రుతుపవనాల వానలో వెళ్ళి గోడల చెమ్మ, వీధిలో నీళ్ళు చూడండి. 2021 నవంబరు వరదలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో ఎదురింటి వాళ్ళు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు.