అనంతపురం ఇంట్లో నాలుగేళ్ల వైఫై కెమెరాలు: పనికొచ్చింది, దెబ్బకొట్టింది

నేనుండేది బెంగళూరులో, అనంతపురం ఇంట్లో అమ్మా నాయనా ఇద్దరే. అందుకే 2021లో వాకిట్లో రెండు వైఫై కెమెరాలు, ఊరి బయట చేన్లో బోరు దగ్గర సిమ్ వేసేది ఒకటి పెట్టించాను. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు కొనమనే చెప్తాను. కాకపోతే ఫోన్లో లైవ్ బాగా వస్తోందని మురిసిపోయి అంతటితో వదిలేయకండి, నేను మోసపోయింది అక్కడే.

పోయిన ఏడాది రీవైండింగుకని చేనునుంచి తెచ్చి వాకిట్లో పెట్టిన బోరు మోటారును రాత్రికి రాత్రి ఎవరో ఎత్తుకుపోయారు. నాయన పొద్దున్నే ఫోన్ చేస్తే, కెమెరా ఉంది కదా ఎక్కడికి పోతాడు అని ధీమాగా యాప్ తెరిచాను. లైవ్ అద్దంలా వస్తోంది, వెనక్కి జరిపితే మాత్రం ఏమీ లేదు. చివరి రికార్డింగు నాలుగు నెలల కిందటిది! మెమరీ కార్డు పాడైపోయింది, యాప్ ఆ ముక్క సెట్టింగుల లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో చూపించి ఊరుకుంది. లెక్క వేసుకుంటే తప్పు నాదే అనిపించింది. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఆగకుండా రాస్తే రోజుకు 10 జీబీ పైనే, అంటే 64 జీబీ కార్డు ఆరో రోజుకల్లా నిండి పాతది చెరుపుకుంటూ మళ్లీ రాస్తుంది, ఫోన్ల కోసం చేసిన మామూలు కార్డు ఆ రాపిడికి ఎన్నాళ్లు ఆగుతుంది? ఇప్పుడు ఆగకుండా రాసినా తట్టుకునేలా చేసిన, హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉండే కార్డు వేశాను, నెల మొదటి రోజు తప్పకుండా ముందురోజు రాత్రి వీడియో తెరిచి చూస్తాను.

రెండో దెబ్బ ఇంకా భయపెట్టింది. బిగించిన కుర్రాడు అకౌంటు తన ఫోన్లోనే తెరిచి, నాకు షేర్ చేసి వెళ్లాడట. ఏడాదిపాటు మా వాకిలికి ఓనర్ అతనే, నేను చూసిపోయే చుట్టాన్ని! మంచివాడు, అడగ్గానే తీసేశాడు, అయినా ఆ రోజు నిద్ర పట్టలేదు. అకౌంటు మీ నంబరుతో మీ చేతులతోనే తెరవండి, పాస్‌వర్డ్ మార్చండి, ఓటీపీ పెట్టుకోండి. 2016లో అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు తెరుచుకోకుండా చేసిన మిరాయ్ అనే వైరస్ లాంటి ప్రోగ్రాం దాడి జరిగింది ఇలాంటి కెమెరాలు, రూటర్లలోకి దూరి వాటితోనే, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చకపోవడంవల్లే. మన దగ్గర 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు, కాబట్టి అగ్గువకు దొరుకుతోందని పాత స్టాకు తెచ్చుకోకండి.

కరెంటు పోతే రూటర్ పోతుంది, కెమెరా కూడా గుడ్డిదవుతుంది. రెండింటినీ ఇన్వర్టర్ లైనుకు కలిపాక కొంత నయం. వీధిలో నెట్ పోయినా కార్డులో రికార్డింగు ఆగదు. పడమటి గోడ మీద బిగించిన కెమెరా మే నెల మధ్యాహ్నాలు తనంతట తనే ఆగి మళ్లీ మొదలయ్యేది, మన ఎండలు తెలిసిందే కదా, సజ్జ కిందికి మార్చాక ఆ గోల పోయింది. రాత్రిపూట కెమెరా చుట్టూ పురుగులు మూగుతాయి, వాటికోసం సాలీడు వస్తుంది, ఆ గూడు గాలికి ఊగినప్పుడల్లా నా ఫోన్ మోగుతుంది. వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. చేన్లోది సోలారుతో నడుస్తుంది, కదలిక ఉంటేనే రాస్తుంది, ఫర్వాలేదు. గంటసేపు లైవ్ చూస్తే 450 ఎంబీ దాకా తింటుంది, అంతే.

ఇన్ని తిట్టినా తీసెయ్యకపోవడానికి కారణం ఉంది. నాయన ఫోన్ ఎత్తకపోతే ఇదివరకు పక్కింటివాళ్లకు చేసి కంగారు పెట్టేవాణ్ని, ఇప్పుడు చూస్తే వసారాలో మంచం మీద గురక పెడుతూ కనిపిస్తాడు. వాకిట్లో ఆరబోసిన శెనక్కాయలమీద మేకలు పడితే బెంగళూరు ఆఫీసులోంచే స్పీకరులో కేకలేశాను. అవి తల కూడా ఎత్తలేదు గానీ అమ్మ కర్ర పట్టుకుని బయటికొచ్చింది.

అమ్మకు మాత్రం ఇప్పటికీ నచ్చలేదు. "ఏమప్పా, వాకిట్లో నలుగురం కూర్చుని మాట్లాడుకుంటే అది కూడా వింటా ఉంటావా?" అని అడిగింది. ఆ రోజే మైకు ఆపేశాను. ఎదురింటి గేటు కూడా పడుతోందని వాళ్లు మొహమాటంగా చెప్తే కెమెరా కిందికి వంచాను, అడిగించుకోకుండా ముందే చెయ్యాల్సిన పని అది.

దసరాకు ఊరికి వెళ్లినప్పుడు వాకిట్లో రెండింటి బదులు వైరుతో నడిచే కెమెరాలు బిగించి, ఇంటి లోపల హార్డ్‌డిస్కు ఉండే రికార్డరు పెట్టిస్తాను. చేన్లోది అలాగే ఉంటుంది, అంత దూరం వైరు ఎవరు లాగుతారు.